మూడో అర్థం కింద నా వాక్యం

లాండ్రీ గేటు ఎదుట, బస్టాపు బెంచీ

తమ్ముడూ,

నువ్వు దొంగవి. కుశల ప్రశ్నల కోసం వెతుక్కోకు, ఈ ఉత్తరంలో లేవు. దొంగిలించిన సొత్తు మీద సొంతదారు ఆనవాళ్ళు రాసి మరీ నలుగురిలో పెట్టిన దొంగవి.

నిన్న విచారణ గదిలో యాజమాన్యం వకీలు ఒక అచ్చు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మీ నిఘంటువు నమూనా పుటట. ఇంగ్లీషు నుంచి మన నోళ్ళలోకి వచ్చిపడ్డ వాడుక మాటలన్నిటికీ అర్థాలు రాస్తున్నామని పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నావే, ఆ నిఘంటువే. మాట: స్కాబ్. మూడో అర్థం: తోటివాళ్ళు పని ఆపినప్పుడు వాళ్ళని కాదని పనిలోకి వెళ్ళే మనిషి. కింద ఒక ఉదాహరణ. వకీలు గొంతు సవరించుకుని చదివాడు.

"రోలరు దగ్గరికి ఎవరు వెళ్ళినా స్కాబే, అది మా తోటికోడలైనా సరే."

ఇంకా కింద చిన్న అక్షరాల్లో: వ్యక్తిగత ఉత్తరం, ఆసుపత్రి లాండ్రీ కార్మికురాలు, ఫిబ్రవరి 9.

అది నా వాక్యం. నీకు రాసిన ఉత్తరంలోది.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ చెబుతున్నాను, నీ జ్ఞాపకం మీద నాకు నమ్మకం పోయింది గనక. ఫిబ్రవరి పదిహేడున మాతో పనిచేసే పొడుగామె చెయ్యి దుప్పటితోపాటు ఇస్త్రీ రోలరు కిందికి పోయింది. మోచేతి దాకా కాలింది. ఆ నిమిషమే రోలర్లన్నీ ఆపేశాం. ప్రమాదం కళ్ళెదుట ఉంటే నోటీసు లేకుండా పని ఆపే హక్కు మాకుంది. ముందే కూడబలుక్కుని ఆపితే మాత్రం లేదు, ఉద్యోగాలు ఊడతాయి. ఏడుగురం సస్పెండై కూర్చున్నది ఈ ఒక్క ప్రశ్న మీదే: ముందే అనుకున్నారా, లేదా?

"పని ఆపని రోజున స్కాబులెక్కణ్ణుంచి వస్తారమ్మా?" అన్నాడు వకీలు. "పదిహేడున జరిగినదానికి తొమ్మిదినే తిట్టు సిద్ధం చేసుకున్నారే!"

"అయ్యా, అది మేం రోజూ వాడే మాటే. నేను అలిగి వంట మానేసిన పూట మా ఆయన బయట కూర కొనుక్కొస్తే ఆయన్నీ స్కాబనే అంటా" అన్నాను.

విచారణాధికారి నవ్వాడు. నవ్వాడే గాని రాసుకోలేదు.

మా తోటికోడలు నా పక్క కుర్చీలోనే ఉంది. ఆ ఏడుగురిలో ఆమే ఒకతి. కుర్చీ అవతలికి జరుపుకుంది. మిగతా ఐదుగురూ నన్ను చూసిన చూపు ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. బయటికొచ్చాక ఒకామె అడగనే అడిగింది: "నువ్వే ఇచ్చావా ఆ కాగితం?"

ఎవరికిచ్చావు? ఏం ఆశపడి ఇచ్చావు?

అక్క


నిఘంటు కార్యాలయం, మూడో అంతస్తు
ఏప్రిల్ 6

అక్కకు నమస్కారాలతో,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. నేనెవరికీ ఏదీ ఇవ్వలేదు. నమూనా పుటలు నూట నలభై గ్రంథాలయాలకు పోస్టులో వెళ్ళాయి. మీ ఆసుపత్రి గ్రంథాలయం కూడా ఆ జాబితాలో ఉంది. అక్కడ ఎవరి కంట పడిందో నాకెలా తెలుస్తుంది?

మా పని ఎలా జరుగుతుందో నీకెప్పుడూ చెప్పినట్టు లేదు. మాట కనిపించిన వాక్యాన్ని కత్తిరించి చీటీ మీద అతికిస్తాం. ఎడమ మూల మాట, కుడి మూల తేదీ, అడుగున ఎక్కడిదో రాస్తాం. తేదీ లేని చీటీని మా ప్రధాన సంపాదకుడు, పెద్దాయన, చెత్తబుట్టలో వేస్తారు. నీ ఉత్తరాలు నాకు చదువుకోవడానికే కాదు, పనికి కూడా ఉపయోగపడుతున్నాయని గర్వపడేవాణ్ణి. నీ పేరు రాయలేదు, గమనించావనుకుంటాను.

ఆ మాట కథ విను, నీ కోపం కొంత చల్లారవచ్చు. ఇంగ్లీషులో మొదట అది గజ్జి, దురద. తర్వాత గాయం మీద కట్టే పక్కు. నాలుగు వందల ఏళ్ళ కిందటికే నీచుణ్ణి తిట్టే తిట్టయింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు చెప్పులు కుట్టే పనివాళ్ళు తమలో కట్టు తప్పినవాణ్ణి అలా పిలిచారు. ఇవన్నీ పక్కన పెడితే, బంగాళాదుంప తొక్క మీద లేచే పొక్కుల తెగులు కూడా స్కాబే. వడ్రంగులకైతే అది తిట్టే కాదు: రెండు దూలాల్ని కలిపి బిగించే అతుకు చెక్క. ఒక్క మాటలో ఎన్ని జీవితాలో చూడు.

ఇంకొకటి. ఫిబ్రవరిలో నువ్వు నాలుగు ఉత్తరాలు రాశావు. ఏది ఎప్పుడు రాశావో నీకూ సరిగా గుర్తుండకపోవచ్చు. ఏమీ అనుకోకు, తమ్ముడిగా అడుగుతున్నాను: మీరు నిజంగా ముందే అనుకోలేదు కదా?

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది

తమ్ముడూ,

నన్నే అడుగుతున్నావా? నాకు సస్పెన్షను చాలక నీ చేతా విచారణా?

గజ్జి నుంచి చెక్కదాకా చక్కగా ఊరేగించావు. బాగుంది. మరి అందులో నువ్వు చూడనిది నేను చెప్పనా? గజ్జి వైద్యుడిది, తెగులు రైతుది, చెక్క వడ్రంగిది. ఏ మాటైనా పనిచేసే చేతుల్లోంచే పుడుతుంది. దాన్ని కోర్టులోకి తెచ్చేది మాత్రం చేతికి మట్టంటని వాడు. చెప్పులు కుట్టేవాళ్ళు ఆ తిట్టు ఎందుకు తిట్టుకున్నారు? తిట్టు తప్ప వాళ్ళ చేతిలో ఇంకేముంది గనక! యజమానికి గేటుంది, తాళముంది, వకీలున్నాడు. మాకు ఒక్క మాటుంది. దాన్ని కూడా పట్టుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టావు. పేరు రాయలేదట! ఆసుపత్రి లాండ్రీ ఊరికి ఎన్నుంటాయి రా? తోటికోడలితో కలిసి పనిచేసేవాళ్ళు అందులో ఎంతమందుంటారు?

అడిగావు గనక చెబుతున్నాను. విచారణలో చెప్పనిది, నీకూ రాయనిది. ఫిబ్రవరి ఎనిమిదిన మేం కూర్చున్నాం. రోలరు ముందు చేతులు లోపలికి పోకుండా ఉండాల్సిన అడ్డుకడ్డీ ఊడి అప్పటికి ఐదు నెలలు. మూడు అర్జీలు పెట్టాం. ఆ రోజు నేను ఆపేద్దామన్నాను. మా తోటికోడలు, "ఇంకొక్క అర్జీ పెట్టి చూద్దాం అక్కా, పిల్లల ఫీజులు కట్టే నెల" అంది. అందరూ ఆమె వైపే చేతులెత్తారు. నాలుగో అర్జీ పెట్టాం. తొమ్మిది రోజులకి పొడుగామె చెయ్యి పోయింది.

అంటే ముందే అనుకోలేదు. అనుకుందామంటే నేనొక్కదాన్నే ఓడిపోయాను. ఆ కసి మా తోటికోడలి మీద నెలంతా ఉంది. అందుకే విచారణలో ఆ తేదీ తప్పని గట్టిగా అనలేకపోయాను. తొమ్మిదినే ఆ కోపంలో నీకు రాశానేమో, ఏడుగురి నోటి దగ్గరి కూడు నేనే లాగేశానేమో అని నన్ను నేనే అనుమానించుకుంటూ ఇన్నాళ్ళూ తిరిగాను.

మొన్న ఆవిడే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు.

"చెయ్యి పడ్డప్పుడు ఎర్ర బొత్తాం నొక్కింది ఎవరక్కా?" అంది.

"నువ్వే."

"మరి స్కాబు నేనా?"

వెళ్ళిపోతూ మళ్ళీ తనే అంది: "అయినా తొమ్మిదో తారీఖున నేను మడతల గదిలో కదా ఉన్నది. నన్ను రోలరుకి మార్చింది పన్నెండున. తొమ్మిదినే నీ కంటికి రోలరు దగ్గర ఎలా కనపడ్డాను?"

తమ్ముడూ, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నేను జన్మలో ఉత్తరం మీద తేదీ వెయ్యను. చిన్నప్పుడు నువ్వే వెక్కిరించేవాడివి. మరి ఫిబ్రవరి 9 ఎక్కణ్ణుంచి వచ్చింది? కవరు మీద ముద్ర చూశావా? అయితే ఆ కవరు పంపు. కత్తిరించగా మిగిలిన ఉత్తరం కూడా పంపు.

అక్క


నిఘంటు కార్యాలయం
ఏప్రిల్ 29

అక్కా,

క్లుప్తంగా రాస్తున్నాను, క్షమించు. కవర్లు మేం దాచం. కత్తిరించాక మిగిలిన కాగితం కూడా ఉంచం, స్థలం చాలదు. తేదీ కార్యాలయ పద్ధతి ప్రకారమే వేశాను.

పనీపాటల మాటలున్న మొదటి సంపుటం అచ్చుకు వెళుతోంది. పెద్దాయన ఆరోగ్యం బాగాలేదు, చిన్న విషయానికే కంగారు పడుతున్నారు. ఇకపై ఆఫీసు చిరునామాకు రాయవద్దు, గదికే రాయి. విచారణలో నిఘంటువు సంగతి మళ్ళీ వస్తే, కోపంలో ఎప్పుడో ఏదో రాశానని చెప్పడమే మంచిదేమో ఆలోచించు. మీరు ఎలాగూ ఆ మాట ఇంట్లో కూడా వాడతారు కదా.

తమ్ముడు


ఇల్లు

తమ్ముడూ,

కావాలనే ఆఫీసు చిరునామాకే రాస్తున్నాను.

నన్ను అబద్ధమాడమంటున్నావు. కోపంలో ఎప్పుడో ఏదో రాసిందని ఒక ఆడమనిషి చెబితే లోకం ఇట్టే నమ్ముతుందని నీకు తెలుసు. ఆ మాత్రం తెలివి ఉన్నవాడివి, "కార్యాలయ పద్ధతి" అన్నప్పుడు అదేమిటో రాయకుండా ఎందుకు నీళ్ళు నమిలావు?

అందుకని మీ పెద్దాయనకే ఫోను చేశాను. కంగారు పడకు, నేనెవరో చెప్పలేదు. మీ నిఘంటువు కొనాలనుకుంటున్నానన్నాను. ఎంత సంబరపడ్డాడో! పాపం, మనిషి దగ్గుతూనే పావుగంట మాట్లాడాడు.

"కొత్త మాటలు కూడా ఉంటాయా అండీ?" అన్నాను.

"ఉంటాయమ్మా. అయితే దేనికైనా ఒక గీత ఉండాలి గదా! ఫిబ్రవరి పదితో చీటీల సేకరణ ఆపేశాం. పదకొండో తారీఖుది ఒక్క చీటీ కూడా లోపలికి రాదు. బ్రహ్మదేవుడు రాసిచ్చినా సరే!" అన్నాడు.

నేను ఫోను పెట్టేసి క్యాలెండరు ముందేసుకున్నాను.

పదిన గేటు మూస్తే తొమ్మిదిన దూర్చావు. అంతేనా? నా ఉత్తరం నీకు చేరింది గేటు మూశాకే. పొడుగామెని వార్డులో చూసొచ్చిన సాయంత్రం రాసిన ఉత్తరం అది, ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నీకు నచ్చిన ఒక్క వాక్యం లోపలికి పోవాలని నా ఫిబ్రవరిని తొమ్మిది రోజులు వెనక్కి జరిపావు. ఆ తొమ్మిది రోజుల్లోనే ఏడుగురి బతుకులున్నాయి రా!

కాదని రాయి. ఒక్క ముక్క: "కాదు." చాలు.

అక్క


గది, కిటికీ పక్కన
మే 27

అక్కా,

నెల పట్టింది ఈ ఉత్తరం రాయడానికి. కాదని రాయలేను.

నీ ఉత్తరం ఫిబ్రవరి ఇరవైన వచ్చింది. మూడో అర్థం కింద అప్పటికి నా దగ్గర పదకొండు చీటీలున్నాయి. ఒకటి కోర్టు తీర్పులోది. నాలుగు మిల్లు యజమానుల ప్రకటనల్లోవి. మిగతావి పత్రికల సంపాదకీయాలు. ఆ మాటను నోరారా అన్నవాళ్ళ చీటీ ఒక్కటీ లేదు. అప్పుడు నీ వాక్యం వచ్చింది. చదువుతుంటే నీ గొంతు వినబడింది. పంతొమ్మిదేళ్ళలో అలాంటి చీటీ నా చేతిలో పడలేదక్కా. తేదీ లేదు. కవరు ముద్ర స్పష్టంగా ఉంది, పద్దెనిమిది. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఒక్క తేదీయే కదా, ఎవరికి నష్టమనుకున్నాను. పాతిక మంది గుమాస్తాలు తిరగేసే పుస్తకంలో నా అక్క మాట ఉండిపోతుందనుకున్నాను.

అబద్ధం రెండోది: కవరు పారేశాను, అది నిజం. ఉత్తరం పారేయలేదు. మధ్యలో కన్నంతో నా పెట్టెలోనే ఉంది. కన్నానికి పై వరసలోనే ఉంది, "ఇప్పుడే పొడుగామెని వార్డులో చూసొచ్చాను, కట్టు మోచేతి పైదాకా ఉంది" అని. అది చూపిస్తే చాలని నాకు ఏప్రిల్లోనే తెలుసు. ఒక్కోసారి చీటీ తెచ్చుకుని ఆ కన్నంలో పెట్టి చూస్తాను. వెంట్రుకవాసి తేడా లేకుండా అతుకుతుంది.

ఇప్పుడు నా గోడు విను. తేదీ మార్చిన మనిషని తెలిస్తే నా ఉద్యోగం ఒక్కటే కాదు, నా చేతి మీదుగా వెళ్ళిన నలభై వేల చీటీలూ అనుమానాస్పదమైపోతాయి. వాటిని మళ్ళీ వెతికే ఓపిక పెద్దాయనకు లేదు. రెండో సంపుటం చివర తప్పొప్పుల పట్టికలో "తేదీ సందేహాస్పదం" అని వేయించగలను. లేదా పేరు లేకుండా విచారణాధికారికి ఉత్తరం రాస్తాను. మీరు ఏడుగురు నష్టపోయారు. ఎనిమిదోవాణ్ణిగా నన్ను కూడా చేర్చడం న్యాయమేనా? నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తాను.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది

తమ్ముడూ,

నీ ఉత్తరం మా తోటికోడలికి చదివి వినిపించాను. మొత్తం విని, "పేరు లేని ఉత్తరమట! మనం నాలుగు అర్జీల మీదా సంతకాలు పెట్టాం గదక్కా" అంది. ఈసారి లోపలికొచ్చి కూర్చుని అంది.

న్యాయమేనా అని అడిగావు. న్యాయమే. నువ్వు నష్టపోవడం న్యాయమని కాదు, నువ్వు దాక్కోవడం అన్యాయమని. రెండో సంపుటం ఎప్పుడొస్తుంది? నాలుగేళ్ళకా? అప్పటికి ఈ ఏడుగురిలో ఎంతమంది ఏ ఇళ్ళల్లో అంట్లు తోముతుంటారు? యజమానుల మాటల పక్కన మా మాట ఒకటి పెట్టాలనుకున్నావు, ఆ కోరిక మంచిదే. మమ్మల్ని అడగకుండా, మా తేదీ మార్చి, మా మాట పెట్టాలనుకోవడం మాత్రం యజమాని బుద్ధే. పంతొమ్మిదేళ్ళు ఆ బల్ల ముందు కూర్చుంటే అదెప్పుడు అంటుకుందో నీకే తెలియలేదు.

నలభై వేల చీటీలంటావు. నిజం చెప్పినవాడి చీటీలనే జనం నమ్ముతారా, పట్టుబడ్డవాడివా? నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. నీ మూడు ఉత్తరాలూ నా చేతిలోనే ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టే గతి నాకు పట్టించకు. నీ వాక్యాన్ని నేను కత్తిరించదలుచుకోలేదు.

ఆఖరి విచారణ వచ్చే బుధవారం. చెప్పినట్టే చేస్తానన్నావు గనక, చెబుతున్నాను.

1. బుధవారం ఉదయం పదకొండింటికి విచారణ గదికి రావాలి.

2. చీటీ, కన్నం పడ్డ ఉత్తరం, రెండూ తేవాలి. నకళ్ళు కాదు, అసలువి. అధికారి ముందు నీ చేత్తోనే అతికించి చూపించాలి.

3. "పొరపాటు జరిగింది" అనకూడదు. "ఆ తేదీ నేను వేశాను" అనాలి.

4. అక్కడికి రాకముందే మీ పెద్దాయనకి నువ్వే వెళ్ళి చెప్పాలి. ఇంకొకరి నోటి వెంట ఆయన వినకూడదు.

5. మా తోటికోడలికి ఎదురుగా నిలబడి క్షమాపణ చెప్పాలి. ఆ వాక్యం రాసింది నేను, అచ్చు వేసింది నువ్వు. ఇద్దరం చెబుదాం.

6. ఆ ఉదాహరణ మొదటి సంపుటంలోంచే తీసేయించాలి. దాని చోట ఇంకొకటి కావాలంటే వచ్చి అడగాలి. ఏడుగురం ఉన్నాం. ఏ రోజు అన్నామో మేమే చెబుతాం.

7. పెట్టెలో ఉన్న నా ఉత్తరాలన్నీ తిరిగి ఇచ్చేయాలి.

8. దీనివల్ల నీ ఉద్యోగం తీసేస్తే ఆ సంగతి దాచకుండా అదే రోజు నాకు కబురు పెట్టాలి. మీ ఆఫీసు మెట్ల మీద కూర్చోవడానికి ఏడుగురం వస్తాం.

అక్క